లియోనా రాసే అంకె

పాత బండ్లంటే నాకు ప్రాణం. కొత్త చిన్న కార్లంటే ఒళ్ళు మంట. ఈ సంగతి మొదట్లోనే ఒప్పేసుకుంటున్నాను. ఎందుకంటే లియోనా బార్టోష్ గురించి చెప్పాలంటే అలాంటి చిన్న కారు ఒకదాన్ని నేను నోరారా మెచ్చుకోవలసి వస్తుంది. అదేమీ నాకు సరదా కాదు.

మా పందేల రోడ్డు సాగినా ఊరికి ఉత్తరాన, అఖాతం ఒడ్డుకి దగ్గరగా, చక్కెరదుంపల పొలాల మధ్య ఉంది. పావు మైలు పొడవు, పక్కపక్కనే రెండు వరసలు, తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి ఆదివారం ఎవరి బండి వాళ్ళు తోలుకొచ్చి పరుగెత్తించుకోవచ్చు. బయలుదేరే గీత దగ్గర దీపాల స్తంభం పక్కన నిలబడి, బండ్లను జతలు జతలుగా పిలిచే పని నాది. ఫ్యాక్టరీలో రిటైరయ్యాక పదకొండేళ్ళుగా అదే పని. నా పేరు హార్లన్. చెవులు సగం పోయాయి గానీ నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది.

మా దగ్గర బండి ఎంత వేగంగా పోతుందన్నది లెక్కే కాదు. ఈ పావు మైలు తన బండి ఎన్ని సెకన్లలో దాటుతుందో, వందోవంతులతో సహా, ప్రతి డ్రైవరూ ముందుగానే అంచనా వేసి, తెల్ల బూటు పాలిష్‌తో కిటికీ అద్దం మీద రాయాలి. నెమ్మది బండికి ఆ తేడా మేరకు పచ్చదీపం ముందు పడుతుంది. అందువల్ల నీళ్ళ ట్యాంకరుకీ రేసు కారుకీ కూడా పందెం పెట్టొచ్చు. అవతలి గీత ముందు దాటిన బండిదే గెలుపు. అయితే రాసిన అంకెకంటే వెంట్రుకవాసి తొందరగా దాటినా ఓడిపోయినట్టే. ఇరవై వేలమంది ముందు ఓడినా ఫరవాలేదు గానీ, తన బండి గురించి తనకే తెలియదని నలుగురిలో తేలిపోతే మావాళ్ళు వారం రోజులు తలెత్తుకోలేరు.

అందుకే లియోనా అంటే మాకు భక్తి. యాభై ఏళ్ళలో ఆమె రాసిన అంకె సెకనులో పదోవంతు తప్పిన రోజు నేను చూడలేదు.

నేను గేర్ల ఫ్యాక్టరీలో చేరేటప్పటికి లియోనా అక్కడ ఏడాది సీనియర్. ఆడవాళ్ళందరినీ ప్యాకింగ్‌కి పంపే రోజుల్లో ఆమె పట్టుబట్టి పళ్ళచక్రాలు కోసే మిషన్ మీద నిలబడింది. నాకు పని నేర్పింది ఆమే. మొదటివారం నేను పాడుచేసిన చక్రాన్ని నా భోజనం డబ్బాలో పెట్టి మూత వేసి ఇచ్చింది.

"ఇంటికి పట్టుకెళ్లి తిను. ఇక్కడ దీంతో ఎవరికీ పన్లేదు," అంది.

డెబ్భయ్యో సంవత్సరంలో, తనకి ఇరవై ఏళ్ళప్పుడు, అన్న స్టాన్‌ని వెంటబెట్టుకుని బండి కొనడానికి వెళ్ళింది. షోరూములో వాడు ఆమెవైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. "మీ చెల్లెలికి ఆ తెల్లబండి బాగుంటుంది సార్, డిక్కీ కూడా పెద్దది," అని స్టాన్‌తోనే చెప్పాడట. లియోనా మాత్రం ముదురాకుపచ్చ షెవెల్ దగ్గర నిలబడింది. బానెట్ మీద రెండు తెల్లచారలు, కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్, ఏడున్నర లీటర్లు. వెనక ఇరుసులో పళ్ళలెక్క ఎంతని అడిగింది. వాడు స్టాన్ మొహం చూస్తూనే ఏదో అంకె చెప్పాడు.

"తప్పు. ఆ చక్రాలు కోసేది నేనేనయ్యా," అందట లియోనా.

ఆ బండి మోత గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. అది స్టార్టయితే శబ్దం చెవికి కాదు, ముందు అరికాళ్ళకి తెలుస్తుంది. అక్కణ్ణుంచి మోకాళ్ళు, పొట్ట, గుండె. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన మైకు గదిలో కాఫీ కప్పులు సాసర్లలో గలగలమంటాయి. వేలసార్లు విన్నాను. ఇప్పటికీ విన్నప్పుడల్లా టోపీ తీసి చేత్తో పట్టుకుంటాను, ఎందుకో నాకే తెలియదు.

పందెం రోజు పొద్దున్న లియోనా చేసే తతంగం చూడాలి. ముంజేతి లోపలివైపు నాలుకతో తడిపి గాలికి పెడుతుంది. గాలి అఖాతం మీంచి వస్తోందా, పొలాల మీంచి వస్తోందా, ఎంత చెమ్మ ఉంది, అంతా ఆ చేతికి తెలిసిపోతుంది. చల్లగాలి తగిలితే పాత ఇంజన్‌కి ఎక్కడలేని హుషారు. తర్వాత బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఇంజన్ వేడెక్కేదాకా అలాగే నిలబడుతుంది. ఆపైన అద్దం మీద అంకె రాస్తుంది. వాతావరణం కొలిచే యంత్రాలూ లాప్‌టాప్‌లూ మోసుకొచ్చే కుర్రాళ్ళు పాయిఖానాకి వెళ్తున్నట్టు నటిస్తూ ఆమె అద్దం పక్కనుంచి నడిచి, అంకె చూసుకుని, తమది దిద్దుకునేవాళ్ళు.

పెళ్ళి ఒకటి చేసుకుంది, నాలుగేళ్ళకి తెగిపోయింది. పిల్లలు లేరు. స్టాన్ పోయాక అతని కూతురు కోలీనే ఆమెకి అన్నీ. కోలీన్‌కి ఇప్పుడు నలభై ఒకటి. పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం. "మా ఇంట్లో అందరిదీ పళ్ళ పనే," అని లియోనా జోక్. వందోసారి విన్నా నవ్వకపోతే ఊరుకోదు.

నిరుడు చలికాలంలో లియోనా కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు ఆ జబ్బుకి పేరు చెప్పాడు, మాత్రలిచ్చాడు. మెల్లగా కాళ్ళకీ వస్తుందన్నాడు. లియోనా మాత్రలు మింగింది, పేరు మింగలేకపోయింది. మా ఎవరిముందూ ఆ మాట ఎత్తలేదు.

ఈ వసంతంలో కోలీన్ కొత్త కారు కొంది. నీలంరంగు, నాలుగు తలుపులు, పొట్టిగా గుండ్రంగా ఉంది. తెచ్చి లియోనా షెడ్డులో షెవెల్ పక్కనే పెట్టింది. నేను రెండిళ్ళ అవతలే ఉంటాను కదా, వెక్కిరించే అవకాశం వదులుకుంటానా?

"కోలీన్, దీన్ని తాళంతో నడుపుతావా, బొమ్మకారులా కీ ఇచ్చి వదుల్తావా?" అన్నాను.

"నవ్వు బాబాయ్, నవ్వు. అత్తా, నీ షెవెల్ అంకెంత? పదమూడు తొంభై కదా. ఇది పదమూడు అరవై."

"పోవే!" అంది లియోనా.

"ఒట్టు. పోయిన ఆదివారం ఫ్లింట్ ఊరి దగ్గర పరుగెత్తించాను. మూడుసార్లు అదే అంకె."

"కుట్టుమిషన్ అంతుంది. దీని చప్పుడేదీ?" అన్నాను నేను.

కోలీన్ కొంచెం సిగ్గుపడింది. "చప్పుడు... లోపల స్పీకర్లోంచి వస్తుంది బాబాయ్."

నేను నవ్విన నవ్వుకి లియోనా పిల్లి షెడ్డులోంచి పారిపోయింది. ఇంజన్ మోత రేడియోలో పెట్టుకుని వినే కాలం వచ్చిందా అని గోడకి ఆనుకుని మరీ నవ్వాను. లియోనా మాత్రం నవ్వలేదు. బానెట్ ఎత్తించి, కళ్ళజోడు పెట్టుకుని, నడుం వంచి చూస్తోంది.

"ఎన్ని లీటర్లే?"

"రెండు."

లియోనా షెవెల్ వైపు చూసింది, మళ్ళీ ఇటు చూసింది. "హార్లన్, ఇలా రా. నా బండిలో రెండు సిలిండర్లు తీసి పక్కన పెడితే దీని ఇంజన్ మొత్తం దాదాపు ఆ రెండింటంతే. ఇది నా ఎనిమిదింటినీ దాటేస్తోంది. పైగా మూడోవంతు పెట్రోలు తాగి." వణికే చేత్తోనే ఆ చిన్న ఇంజన్ మూతని తడిమింది. "మన మిషన్ల మీద మనం జన్మంతా కష్టపడ్డా ఇంత సన్నంగా కోయగలిగేవాళ్ళమా? ఏ తల్లి కన్న బిడ్డలు చేశారో, వాళ్ళకో దండం."

నాకు నవ్వు ఆగిపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళు ఉక్కు కోసిన మనిషి ఆ మాట అంటుంటే ఇంకేం నవ్వుతాం? నేనూ వంగి చూశాను. ఎక్కడా నూనె మరక లేదు, తీగలన్నీ జడలు వేసినట్టున్నాయి. గాలి చల్లబడితే దానంతట అదే తెలుసుకుంటుందట, వేడెక్కితే దానంతట అదే సర్దుకుంటుందట. లియోనా ముంజేతి విద్య అగ్గిపెట్టెంత పెట్టెలో ఎవరో పెట్టి బిగించేశారు. మనస్సు చివుక్కుమంది, అబ్బురంగానూ ఉంది. ఆ రెండూ ఒకేసారి కలగడం నాకు అదే మొదలు.

ఆగస్టులో ఒకరోజు లియోనా వంటింట్లో ముగ్గురం కూర్చుని, బంగాళాదుంప కూరి ఉడికించిన పియరోగీలు తింటున్నాం. ఆమె ఫోర్కు పళ్ళానికి తగిలి టకటకమంటోంది.

"అత్తా, ఇక బండి చాలించు," అంది కోలీన్.

"నీ పియరోగీ తిను."

"చెయ్యి చూడు ఎలా ఉందో. రేపు కాలు కూడా ఇలాగే అయితే? ఆ బండికి నడుముకి కట్టే బెల్టు తప్ప ఇంకేం లేదు. నాన్న పోయాడు. నాకు మిగిలింది నువ్వొక్కదానివే."

లియోనా ఫోర్కు కింద పెట్టింది. "సరే. సీజన్‌లో ఆఖరి ఆదివారం నీ బండి తీసుకురా, నాది నేను తెస్తా. అంకె రాస్తా. సెకనులో పదోవంతు అటూ ఇటూ తప్పితే తాళాలు నీ చేతిలో పెడతా, మళ్ళీ అడగను. తప్పకపోతే నువ్వు ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు."

"బ్రేకు వేసి అంకె సరిపెట్టకూడదు మరి."

"నాతోనా ఆ మాట?" అంది లియోనా. కోలీన్ తల దించుకుని, ఒప్పుకుంది.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం పొద్దున్న పొగమంచు పట్టింది. పదింటికి విడిపోయి ఎండ వచ్చింది. ఒప్పందం సంగతి ఊరంతా పాకినట్టుంది, రోడ్డు పక్క గట్టుమీద ఎప్పుడూ లేనంతమంది జనం. లియోనా ముంజేయి తడిపి చూసి, పదమూడు తొంభై రెండు రాసింది. తీరా వాళ్ళ వంతు వచ్చేసరికి గాలి తిరిగి, అఖాతం మీంచి చల్లగా వీచింది. లాప్‌టాప్ కుర్రాళ్ళు పదమూడు ఎనభై దాకా పడిపోతుందని అప్పుడే కేకలేస్తున్నారు. లియోనా బండి దిగి, చేతిరుమాలుతో అంకె తుడిచింది. మళ్ళీ బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. కొత్తగా రాయబోతే చెయ్యి ఎగిరెగిరి పడుతోంది.

"నేను రాయనా అత్తా?" అని పక్క బండిలోంచి కోలీన్ అడిగింది.

"నీ అంకె నువ్వు చూసుకో."

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసింది. పదమూడు ఎనభై ఏడు. అద్దం మీద అంకె స్పష్టంగా ఉందో లేదో చూడడం నా డ్యూటీ. ఆ ఏడు గేలంలా వంకరపోయింది.

"ఇది ఏడా, ఒకటా? సర్కారువారికి అర్థమయ్యేలా రాయమ్మా," అన్నాను.

"ఏడు. కళ్ళు కూడా పోయాయా ముసలోడా?" అంది. గొంతులో మాత్రం వణుకు లేదు.

రెండు బండ్లూ గీత మీదికి వచ్చాయి. ఒకవైపు ఆ ఆకుపచ్చ కొండ బుసలు కొడుతోంది, నా ఎముకలన్నీ మోగుతున్నాయి. ఇంకోవైపు నీలం పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది. కోలీన్ అంకె పదమూడు యాభై ఎనిమిది. కాబట్టి లియోనాకి పచ్చదీపం ముందు పడుతుంది, కోలీన్‌కి సుమారు సెకనులో మూడోవంతు తర్వాత.

లియోనా వరసలో పసుపు దీపాలు వరసగా వెలిగాయి. పచ్చ పడింది.

షెవెల్ కదల్లేదు.

నేను అక్కడే, ఆరడుగుల దూరంలో ఉన్నాను. లియోనా కళ్ళు దీపం మీదే ఉన్నాయి, రెప్ప వెయ్యలేదు, మొహం ప్రశాంతంగా ఉంది. బండి అలాగే ఉంది. అర సెకను అంటారు గానీ, గీత దగ్గర నిలబడేవాడికి అది ఒక పూట. ఈలోగా కోలీన్‌కీ పచ్చ పడింది. వెనక బయలుదేరవలసిన చిన్న కారు ముందే వెళ్ళిపోయింది. అప్పుడు కదిలింది షెవెల్. ముక్కు పైకెత్తి, రోడ్డుని పట్టుకుని వెనక్కి విసిరేసింది. ఆ మోతకి గట్టుమీద గడ్డి పడుకుంది. నీలం బండి ముందు సన్నగా ఈల వేసుకుంటూ పోతోంది. ఒకటి ఉరుము, ఒకటి బాణం. ఒకదానికి నా గుండె కొట్టుకుంది, ఒకదాన్ని చూసి నోరు తెరిచాను. అబద్ధమెందుకు, ఆ క్షణంలో రెండింటిలో ఏది గొప్పదంటే నేను చెప్పలేను.

పెద్ద బోర్డు మీద అంకెలు వెలిగాయి. గెలుపు దీపం కోలీన్ వరసలో వెలిగింది. దాన్ని ఎవరూ చూడలేదు. అందరూ లియోనా అంకె చూస్తున్నారు.

పదమూడు ఎనిమిది వందల డెబ్భై ఒకటి.

సెకనులో వెయ్యోవంతు తేడా. గట్టంతా లేచి నిలబడింది. మైకులో మనిషి ఆ అంకెనే మూడుసార్లు చదివాడు. లాప్‌టాప్ కుర్రాడొకడు లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. చేతిలో పాలిష్ సీసా నిలవని మనిషి, గాలి తిరిగిన నిమిషంలో, అరచెయ్యి పెట్టి చెప్పిన లెక్క అది. చప్పట్లు కొట్టబోయి, ఆగిపోయాను. ఎందుకంటే నేను చూసింది వాళ్ళెవరూ పట్టించుకోలేదు.

ఆ లెక్క ఎలాగంటే, గడియారం బండి కదిలినప్పుడే మొదలవుతుంది. దీపం పడ్డాక డ్రైవరు ఎంతసేపు కూర్చున్నా అంకెలో కలవదు, బోర్డు మీద కనబడదు. అది విడిగా, తిరిగొచ్చే దారిలో ఇచ్చే చీటీ మీద మొదటి వరసలో అచ్చవుతుంది. నా చోటు ఇంకొకరికి అప్పజెప్పి అటు పరుగెత్తాను, నా మోకాళ్ళు ఎంత పరుగెత్తనిస్తే అంత.

నేను వెళ్ళేసరికి కోలీన్ లియోనాని కావలించుకుని ఏడుస్తోంది. "నువ్వే గెలిచావ్ అత్తా. తాళాలు నీవే. మాటంటే మాటే, నేనింక ఎత్తను." ఆ పిల్లకి ఆ మాట అనడం ఎంత కష్టమో మొహంలో తెలుస్తోంది. భయం ఎక్కడికీ పోలేదు, మాట కోసం మింగుతోంది.

లియోనా చీటీ చదువుతోంది. మొదటి వరస దగ్గర వేలు పెట్టి ఆగింది. మామూలుగా అక్కడ ఆరు వందోవంతులు ఉంటుంది ఆమెకి. కుర్రాళ్ళకి కూడా అంత తక్కువ రాదు. ఆవేళ యాభై ఎనిమిది ఉంది.

"హార్లన్, నువ్వు పక్కనే ఉన్నావుగా. పచ్చ పడ్డాక నేను కూర్చుండిపోయానా?"

"కొంచెం... ఏదో కాస్త," అన్నాను.

"నీకు అబద్ధం చెప్పడం ఏనాడూ చేతకాలేదు." చీటీ మడిచింది. "నాకు తెలియలేదు. పచ్చ పడగానే తొక్కాననుకున్నా. ఇప్పటికీ తొక్కాననే ఉంది నాకు. బండి సంగతి వెయ్యోవంతు దాకా చెప్పాను గానీ, నా కాలు సంగతి నాకు తెలియలేదు."

కోలీన్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఊరి రోడ్డు మీద ఎవరైనా అడ్డం వచ్చారే అనుకో. నా అంకె ఎవడిక్కావాలి?" జేబులోంచి తాళాలు తీసి కోలీన్ చేతిలో పెట్టి, ఆ వేళ్ళు తనే మూసింది. "తీసుకో. ఇంటికి నువ్వే తోలు."

"అత్తా, ఒప్పందం ప్రకారం నువ్వు..."

"ఒప్పందంలో తప్పు అంకె పెట్టాను. నాదే పొరపాటు. పద."

అలవాటు చొప్పున, డ్రైవరు కూర్చునే ఎడమవైపు తలుపు దాకా వెళ్ళింది లియోనా. అక్కడ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి, బండి చుట్టూ నడిచి అటువైపు వెళ్ళింది. ఆ తలుపు పిడి ఎటు నొక్కాలో తెలియక తడుముకుంది. యాభై మూడేళ్ళలో ఆ సీట్లో ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను వెళ్ళి తలుపు తీశాను. "థాంక్స్" అని నా మొహం చూడకుండానే కూర్చుంది.

కోలీన్ కారు నేను తోలుకు రావలసి వచ్చింది. అది నేను అడుగు పెట్టిన మొట్టమొదటి చిన్న కారు. కాలు ఆనించానో లేదో కదిలిపోయింది, ఎంత నెమ్మదిగా అడిగితే అంత నెమ్మదిగా. దాన్ని తిట్టడానికి నాకు ఒక్కటంటే ఒక్క వంక దొరకలేదు. ముందు షెవెల్ వెళ్తోంది. కోలీన్ గుడ్ల బుట్ట మోస్తున్నట్టు తోలుతోంది, ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటుకుపోతున్నాయి.

దుంపల పొలాలు దాటాక తిన్నటి రోడ్డు వచ్చింది. లియోనా కోలీన్ వైపు తిరిగి ఏదో అంది. కోలీన్ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అంది. ఏమందో ఆ తర్వాత కోలీనే చెప్పింది నాకు: "వచ్చే ఏప్రిల్‌కి అంకె నేను చెప్తా, కాలు నువ్వు పెట్టు. ముందు ఇది ఎలా కదుల్తుందో నీ కాలికి తెలియాలి. తొక్కవే."

కోలీన్ తొక్కింది. ఆ గర్జన మూసిన అద్దాల్లోంచి వచ్చి నా అరికాళ్ళకి తగిలింది. చేత్తో పట్టుకోవడానికి ఆవేళ నెత్తిన టోపీ లేదు, ఏడుపు మాత్రం వచ్చింది. ముందు బండిలో లియోనా సీటుకి తల ఆనించుకుని కూర్చుంది. యాభై మూడేళ్ళు తోలిన బండి ఎలా మోగుతుందో, చేతుల్లో ఏ పనీ లేకుండా, ఆవేళే మొదటిసారి విన్నది.